శాంతి సమరములందు ఒక మహానౌక

“ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును” అను సామెతను మన పెద్దల నోట తరచుగా వినుచుందుము. కలిమిలేములు బండిచక్రమువలె తిరుగుచుండునని దాని భావము. ఈ సామెత ఒక ఓడ విషయముననే అక్షరాల నిజమైనది. రాజభవనమువలె నిర్మింపబడి, సైనికుల విడిదిగా మారి, మరల భవనమై, తుదకు సముద్రయానము మాని ఒక రేవులో శాశ్వతముగా నిలిచిపోయిన ఆ ఓడ పేరు “క్వీన్ మేరీ”. దాని చరిత్రను పాఠకులకు పరిచయము చేయుటకై మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము. మానవుడు నిర్మించిన ఒక గొప్ప యంత్రము ఆపత్కాలమున ఎట్లు అక్కరకు వచ్చునో, ఆ మేలునకు ఎట్టి మూల్యము చెల్లింపవలసి వచ్చునో ఈ కథవలన తెలియగలదు.

ముందుగా లైనరు అను మాటకు అర్థము తెలిసికొందము. సరకు దొరికిన చోటికి, దొరికిన నాటికి పోవు ఓడలు కొన్ని కలవు. అట్లుగాక, నిర్ణయింపబడిన రేవుల నడుమ, ముందుగా ప్రకటించిన దినమున బయలుదేరి, ప్రకటించిన దినమునకు చేరునట్టి ఓడకు లైనరని పేరు. మనకు రైలుబండి యెట్టిదో, విమానములు విరివిగా లేని కాలమున ఐరోపా అమెరికాల నడుమ లైనరు అట్టిది. వలసపోవు పేదలు, వర్తకులు, రాయబారులు, టపా సంచులు, అన్నియు ఆ ఓడల మీదనే అట్లాంటిక్ మహాసముద్రమును దాటవలసి యుండెను.

ఇంగ్లండునందలి కునార్డు కంపెనీ వారు సౌతాంప్టను రేవునుండి న్యూయార్కునకు వారమున కొక ఓడను నడపుచుండిరి. అందులకు మూడు ఓడలు కావలసి యుండెను. మూడింటి పనిని రెండు ఓడలే చేయగలిగినచో ఖర్చు తగ్గునని వారు యోచించిరి. కాని యట్లు చేయవలెనన్న ప్రతి ఓడయు ఐదు దినములలోపల సముద్రమును దాటవలెను. అనగా గంటకు దాదాపు 28½ నాట్ల వేగమున ఎడతెగక పోవలెను. నాటు అనగా గంటకు ఒక సముద్రపు మైలు. ఆ మైలు 1,852 మీటర్లు. కాబట్టి ఈ వేగము గంటకు సుమారు 53 కిలోమీటర్లు. నేలమీద ఇది గొప్ప వేగముగా తోపక పోవచ్చును. కాని నీటిలో వేగమును రెట్టింపు చేయవలెనన్న యంత్రబలము ఇంచుమించు ఎనిమిది రెట్లు కావలెను. అంత బలముగల యంత్రములకును, వాటికి కావలసిన చమురునకును చోటుండవలెనన్న ఓడ మిక్కిలి పెద్దది కావలెను. అంతియేగాక, తుపానులతో నిండిన ఉత్తర అట్లాంటిక్‌లో పెద్ద ఓడ మాత్రమే తన వేగమును నిలుపుకొనగలదు. ఈ విధముగా గడియారపు లెక్కలోనుండియే ఆ మహానౌక పుట్టినదని చెప్పవచ్చును.

స్కాట్లండులో క్లైడు నదీతీరమున, క్లైడ్‌బ్యాంకు అను ఊరిలో జాన్ బ్రౌన్ కంపెనీ వారి ఓడల కర్మాగారమున 1930 డిసెంబరులో పని ఆరంభమయ్యెను. అప్పటికి ఓడకు పేరు లేదు. 534 అను సంఖ్యయే దాని పేరు. ఏడాది తిరుగకమునుపే ప్రపంచమంతటను వ్యాపించిన ఆర్థికమాంద్యము ఆ కర్మాగారమును కూడ తాకెను. 1931 డిసెంబరులో పని నిలిచిపోయెను. వేలాది పనివారు ఒక్కసారిగా వీధిని పడిరి. ఆ ఓడను నమ్ముకొని బ్రతుకు ఊరు అది. సగము కట్టిన ఉక్కు ఓడ రెండేండ్లకు పైగా తుప్పుపట్టుచు, ప్రతి ఉదయము పనిలేని ఆ జనుల కన్నులయెదుట నిలిచియుండెను. తుదకు ప్రభుత్వము వారు అప్పు ఇచ్చుటకు అంగీకరించిరి. అయితే కునార్డు కంపెనీయు, దాని చిరకాలపు పోటీదారగు వైట్ స్టార్ కంపెనీయు ఏకము కావలెనని నియమము విధించిరి. 1934 ఏప్రిల్‌లో మరల సుత్తి చప్పుడు వినవచ్చెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన ఐదవ జార్జి చక్రవర్తి భార్యయగు మేరీ రాణి ఆ ఓడకు తన పేరే పెట్టి నీటిలోనికి విడిచెను.

1936 మే 27వ తేదీన క్వీన్ మేరీ తన మొదటి ప్రయాణమునకు సౌతాంప్టను విడిచెను. ఓడ పొడవు 1,019 అడుగులు. వెడల్పు 118 అడుగులు. పరిమాణము 80,000 టన్నులకు పైబడినది. చమురు మండించి 24 బాయిలర్లలో ఆవిరి పుట్టించుచుండిరి. ఆ ఆవిరి టర్బైనుల రెక్కలను త్రిప్పగా, 1,60,000 అశ్వశక్తి నాలుగు పెద్ద ప్రొపెల్లర్లకు అందుచుండెను. రెండు వేలకు పైగా ప్రయాణికులు మూడు తరగతులలో పోవుచుండిరి. వారికి సేవచేయు సిబ్బంది 1,100 మంది. భోజనశాలలు, ఈత కొలనులు, గ్రంథాలయములు, పలు దేశముల కలపతో తీర్చిన గోడలు, ఇట్లు అది కదలెడి పట్టణమువలె నుండెను. ఆ సంవత్సరము ఆగస్టులోనే అది ఫ్రెంచివారి “నార్మండీ” అను ఓడను మించి, అట్లాంటిక్‌ను అతివేగముగా దాటిన ఓడయని కీర్తిగాంచెను. మరుసటి యేట నార్మండీ ఆ కీర్తిని మరల గైకొనెను. 1938లో క్వీన్ మేరీ తూర్పు దిక్కుగా 3 దినముల 20 గంటల 42 నిమిషములలో సముద్రమును దాటి, పోయిన బిరుదును తిరిగి సంపాదించెను. 1952 వరకు ఆ బిరుదు దానికే దక్కియుండెను.

ఇంతవరకు శాంతికాలపు కథ. 1939 సెప్టెంబరు 3వ తేదీన బ్రిటను జర్మనీపై యుద్ధము ప్రకటించునప్పటికి క్వీన్ మేరీ నడిసముద్రమున నుండెను. మరునాడు న్యూయార్కు చేరి కొన్ని నెలలు అచటనే లంగరు వేసికొని యుండెను. ప్రక్క రేవులోనే నార్మండీ. 1940 మార్చిలో, అప్పుడే నిర్మింపబడిన సోదరి నౌక “క్వీన్ ఎలిజబెత్” కూడ అచటికి వచ్చి చేరెను. ప్రపంచములోని మూడు గొప్ప ఓడలు ఒకేచోట ప్రక్కప్రక్కన నిలిచియుండెను. వాటిలో నార్మండీ 1942 ఫిబ్రవరిలో సైనికుల ఓడగా మార్చబడుచుండగా నిప్పంటుకొని, ఆ నిప్పును ఆర్పుటకు పోసిన నీటి బరువునకే రేవులో ఒరిగిపోయెను. క్వీన్ మేరీ అదృష్టము వేరు. నలుపు తెలుపు ఎరుపు రంగులకు మారుగా దాని నిలువెల్ల బూడిదరంగు పూసిరి. సముద్రపు మంచులో కానవచ్చీ కానరాక పోవు ఆ యోడకు జనులు “బూడిదరంగు దయ్యము” అని పేరు పెట్టిరి.

1940 మార్చిలో అది న్యూయార్కు విడిచి, ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టి, ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరము చేరెను. ఆరు మైళ్ల పొడవుగల తివాచీలను, పింగాణీ సామానును, వెండి పాత్రలను దించివేసి, గదులలో సైనికులకు వరుస పడకలు అమర్చిరి. మే నెలలో దాదాపు 5,000 మంది ఆస్ట్రేలియా, న్యూజీలండు సైనికులతో బ్రిటనుకు బయలుదేరెను. అటుపిమ్మట హిందూ మహాసముద్రము మీదుగా సూయెజ్ వరకు సైనికులను చేరవేసెను. ఈ ఓడ చల్లని ఉత్తర సముద్రముల కొరకు కట్టబడినది. ఎర్రసముద్రపు వేసవికి తగినది కాదు. ఉక్కు గోడల నడుమ కిక్కిరిసిన మనుష్యులు ఆ వేడికి ఎంత కష్టపడిరో, వేసవి యెండలను ఎరిగిన మనకు వివరించి చెప్పనక్కరలేదు.

ఇచట ఒక ప్రశ్న కలుగును. శత్రువుల జలాంతర్గాములు సముద్రమంతటను పొంచియుండగా, ఇంత పెద్ద ఓడ ఎట్లు తప్పించుకొనెను? సామాన్యముగా యుద్ధకాలమున ఓడలు గుంపుగా, యుద్ధనౌకల కాపుదలతో పోవును. కాని గుంపు వేగము దానిలోని నిదానపు ఓడ వేగమునకు మించదు. జర్మనుల జలాంతర్గాములు నీటిపై గంటకు 17 నాట్లు, నీటిలోపల 7, 8 నాట్లు మాత్రమే పోగలిగినవి. 28 నాట్లతో పోవు ఓడను అవి వెంబడించలేవు. దారిలో ముందుగనే కాచియుండి టార్పెడో విడువవలెనే గాని వేరు మార్గము లేదు. టార్పెడో గురి తగులవలెనన్న, కొన్ని నిమిషముల తరువాత ఓడ ఎచటనుండునో ముందుగా లెక్కించవలెను. ఆ లెక్కను తప్పించుటకై క్వీన్ మేరీ నిర్ణీత సమయములకు కుడికి ఎడమకు దిక్కు మార్చుచు, వంకరటింకరగా పోవుచుండెను. వర్తకుల సుఖమునకై సంపాదించిన వేగమే దానికి కవచమయ్యెను. అందుచేతనే అది నడిసముద్రమును ఒంటరిగా దాటుచు, తీరములను సమీపించునప్పుడు మాత్రమే కాపుదల పొందుచుండెను. ఆ కవచమునకు నియమము ఒక్కటే: ఓడ ఎట్టి పరిస్థితిలోను ఆగరాదు. ఆగిన ఓడ జలాంతర్గామికి సులభమైన గురి.

1941 డిసెంబరులో అమెరికా యుద్ధమున ప్రవేశించెను. అమెరికా సేనాధిపతి జార్జి మార్షల్ బ్రిటిషు ప్రధాని చర్చిల్‌ను ఒక కఠినమైన ప్రశ్న అడిగెనని చర్చిల్ తన యుద్ధచరిత్రలో వ్రాసియున్నాడు. ఇట్టి ఓడమీద ఉన్న పడవలు, తెప్పలు సుమారు 8,000 మందికి మాత్రమే చాలును; వాటిని లెక్కింపక ఎక్కించినచో 16,000 మంది పట్టుదురు; ఏమి చేయవలెను? యుద్ధకార్యమునకు నేరుగా అవసరమైనచో మేము ఓడ పట్టినంత మందిని ఎక్కింతుము, లేనిచో పడవలకు మించి ఎక్కించము, మీ సంగతి మీరే నిర్ణయించుకొనుడని చర్చిల్ బదులు చెప్పెనట. మొదట పడవల లెక్కను పాటించిరి. పిదప అవసరము పెరుగగా ఓడను నిండుగా నింపిరి. 1942 ఆగస్టు నాటికే 15,000 మందికి పైగా సైనికులు ఒక్క ప్రయాణమున దాటిరి. 1943 జూలైలో సిబ్బందితో కలిపి 16,683 మంది ఆ ఓడమీద నుండిరి. ఒక్క ఓడమీద అంతమంది ప్రయాణము చేయుట అంతకుముందు లేదు.

అంతమంది ఎట్లు ఇమిడిరి? ఈత కొలనులో సైతము నీరు తీసివేసి పడకలు కట్టిరి. పడకలు చాలక సైనికులు వంతులవారీగా నిద్రించిరి. భోజనము దినమునకు రెండు పూటలు, అదియు వంతులవారీగానే. ఓడను ఎరుపు, తెలుపు, నీలము అను మూడు భాగములుగా విభజించి, ప్రతి సైనికునకు తన భాగపు రంగుగల బిళ్ల నిచ్చి, ఆ భాగము దాటి పోరాదని శాసించిరి. ఇష్టము వచ్చినట్లు తిరిగినచో జనుల బరువు ఒకవైపునకు చేరి ఓడ ఒరుగు ప్రమాదము కలదు. 1942 డిసెంబరులో వేలాది సైనికులతో పోవుచుండగా ఒక మహాతరంగము ఓడ ప్రక్కను మోదెను. ఓడ 52 డిగ్రీలు ఒరిగి, మునిగిపోవుటకు వెంట్రుకవాసి దూరమున నిలిచి, మెల్లగా తిరిగి లేచెనని చెప్పుదురు.

ఇక మేము ఈ చరిత్రలో మిక్కిలి దుఃఖకరమైన ఘట్టమునకు వచ్చుచున్నాము. 1942 అక్టోబరు 2వ తేదీ మధ్యాహ్నము క్వీన్ మేరీ సుమారు 10,000 మంది అమెరికను సైనికులతో ఐర్లండుకు ఉత్తరముగా బ్రిటను తీరమును సమీపించుచుండెను. విమానముల దాడినుండి కాపాడుటకై “క్యూరసో” అను బ్రిటిషు క్రూయిజరు ఎదురువచ్చి వెంట నడుచుచుండెను. అది 1917లో నీటికి దిగిన పాత ఓడ, 4,190 టన్నులది, దాని అత్యధిక వేగము నాటికి 25 నాట్లు మాత్రమే. కాబట్టి అది నేరుగా పోవుచుండగా, క్వీన్ మేరీ వంకరటింకరగా పోవుచు వెనుకనుండి దానిని సమీపించెను. తన దారికి అడ్డురాకుండ కాపలా ఓడయే తొలగిపోవునని క్వీన్ మేరీ వారు తలచిరి. వెనుకనుండి దాటిపోవు ఓడయే తొలగవలెనను సముద్రనియమమును నమ్మి క్యూరసో వారు తమ దారిని విడువరైరి. రెండును ఒకే దేశపు ఓడలు. ఎండ పొడ గల పగటివేళ. ఎవరికి ఎవరు కనబడకపోలేదు. అయినను ప్రతివారును రెండవవారే తొలగుదురని ఎదురుచూచుచుండగా క్షణములు గడచిపోయెను.

క్వీన్ మేరీ ముక్కు క్యూరసోను నడుమకు తాకి రెండు తునకలుగా చీల్చివేసెను. 80,000 టన్నుల ఓడ అంత వేగమున పోవుచుండగా తాకుడు పెద్దగా తెలియనైన తెలియదు. క్యూరసో నిమిషములలో మునిగిపోయెను. నీటిలో కొట్టుకొనుచున్న నావికులు కానవచ్చుచున్నను క్వీన్ మేరీ ఆగలేదు, ఆగరాదని ఆజ్ఞ. పది వేల ప్రాణములను నూర్లకొలది ప్రాణములతో తూచి ఇచ్చిన ఆజ్ఞ అది. తోడివారి నందరిని నీటిలో విడిచి, ముక్కు పగిలిన ఓడ వేగము తగ్గించుకొని ముందుకే పోయెను. దూరమున నున్న ఇతర యుద్ధనౌకలు కొన్ని గంటలకు వచ్చి సుమారు నూరుగురిని మాత్రము రక్షించినవి. మున్నూటికి పైగా నావికులు చనిపోయిరి. శత్రువు చేతిలో కాక, తమ దేశపు మహానౌక క్రింద పడి వారు మరణించిరి. యుద్ధము ముగియువరకు ఈ వార్తను రహస్యముగా నుంచిరి.

పిమ్మట ఇది న్యాయస్థానమునకు ఎక్కెను. 1947లో మొదటి న్యాయస్థానము క్వీన్ మేరీ నిర్దోషియని తీర్పు చెప్పెను. అప్పీలులో తప్పు మూడింట రెండు వంతులు నౌకాదళమునదియు, మూడింట ఒక వంతు క్వీన్ మేరీ యజమానులదియు నని నిర్ణయించిరి. 1949లో ప్రభువుల సభయు దానినే ధ్రువపరచెను. తీర్పు ఎట్లున్నను మనము గ్రహింపవలసిన విషయము ఒకటి కలదు. క్వీన్ మేరీ ఆగకుండుట తప్పు కాకపోవచ్చును. కాని ఆగుటకు వీలులేని బలము ఎచటనుండునో, అచట ఎవరు తొలగవలెనను మాట ముందుగనే స్పష్టముగా నిర్ణయమై యుండవలెను. తాకిడికి కారణము వేగము కాదు. ఒకరి మనస్సు నొకరు ఊహించుకొని, మాట మాటాడక ఊరకుండుటయే దానికి కారణము.

ముక్కును తాత్కాలికముగా సిమెంటుతో పూడ్చి, అమెరికాలోని బోస్టనులో పూర్తిగా బాగుచేయించి, ఓడను మరల పనిలో పెట్టిరి. 1943లోను, 1944లోను చర్చిల్ దానిమీద ప్రయాణము చేసెను. యుద్ధకాలమున అది మోసిన జనము ఏడున్నర లక్షలకు పైబడినది. ఇంత తిరిగినను ఒక్క టార్పెడోయైనను దానిని తాకలేదు. ఈ రెండు రాణినౌకలు యుద్ధకాలమును ఒక సంవత్సరమైనను తగ్గించినవని చర్చిల్ అభిప్రాయము. యుద్ధానంతరము అమెరికను సైనికులను ఇండ్లకు చేర్చెను. 1946లో ఆ సైనికులను, కెనడా సైనికులను వివాహమాడిన వేలాది యువతులను, వారి పసిబిడ్డలను సముద్రము దాటించెను. తుపాకులు పెట్టిన చోట ఊయెలలు వెలసెను. సైనికుల పడకలున్న గదులలో పాలసీసాలు కానవచ్చెను.

1947 జూలై 31వ తేదీన క్వీన్ మేరీ మరల తన పాత రంగులతో, పాత వైభవముతో ప్రయాణికుల సేవకు వచ్చెను. కునార్డు వారు 1930లో కన్న కల అప్పటికి ఫలించెను. ఒక రాణి సౌతాంప్టనునుండి, వేరొక రాణి న్యూయార్కునుండి బయలుదేరి, వారము వారము నడిసముద్రమున ఒకదానికొకటి ఎదురుపడుచు పదునైదేండ్లకు పైగా నడిచెను. కాని 1958 అక్టోబరులో జెట్ విమానములు అట్లాంటిక్‌ను దాట నారంభించెను. ఐదు దినముల ప్రయాణము కొన్ని గంటలకు దిగెను. ఏ గడియారపు లెక్క ఆ ఓడను పుట్టించినదో, ఆ గడియారమే దానిని ఓడించెను. జలాంతర్గాములు చేయలేని పనిని కాలము చేసెను. ప్రయాణికులకన్న సిబ్బందియే ఎక్కువగా నున్న ప్రయాణములు కూడ కలిగెను. నష్టము భరింపలేక కంపెనీ వారు 1967లో దానిని అమెరికాలోని లాంగ్ బీచ్ పట్టణమునకు 34½ లక్షల డాలర్లకు అమ్మివేసిరి. అక్టోబరు 31వ తేదీన సౌతాంప్టను విడిచి, దక్షిణ అమెరికా కొనను చుట్టి, డిసెంబరు 9వ తేదీన అది తన చివరి రేవు చేరెను. సోదరియగు క్వీన్ ఎలిజబెత్ 1972లో హాంకాంగు రేవులో నిప్పుపాలయ్యెను. క్వీన్ మేరీ మాత్రము నేటికిని లాంగ్ బీచ్‌లో వసతిగృహముగా, ప్రదర్శనశాలగా నిలిచియున్నది. బాయిలర్లు తీసివేయబడినవి. ఇక అది కదలదు.

ఓడ నిజముగా బండియయ్యెను. బండియైనను కాదు, ఇల్లయ్యెను. దాని భోజనశాలలో కూర్చున్నవారు ఒకప్పుడు అచట వంతులవారీగా తిని, యుద్ధమునకు పోయి, తిరిగిరానివారిని తలచుకొందురో లేదో మేము చెప్పలేము. ఉక్కునకు మంచిచెడ్డలు తెలియవు. అదే ఓడ విలాసయాత్రికులను మోసినది, సైనికులను మోసినది, తల్లులను బిడ్డలను మోసినది. తన కావలివారినే నీట ముంచినది. దానిని ఎట్లు నడుపవలెనను వివేకము నడుపువారిది. రేపు మన చేతికి ఎట్టి యంత్రములు వచ్చునో ఎవరును ముందుగా చెప్పలేరు. అవి ఎంత వేగముగా పోవునని అడుగుటకు ముందు, ఎదుటివానికి దారి ఇచ్చు బాధ్యత ఎవరిదని అడిగి తెలిసికొనుట మంచిది. ఐర్లండు ఉత్తరతీరమున సముద్రగర్భమున నిద్రించుచున్న ఆ మున్నూటికి పైబడిన నావికులు మనకు నేర్పు పాఠము ఇదియే.